ఎవరి బిళ్ళ వారి చేతితోనే

బంగారు గనుల ఊరు మారికుప్పం దాటిన తరువాత ఎడమచేతి వైపున్న సైనైడ్ దిబ్బ పాదం దగ్గర, వాన వెలిసిన ఆ ఉదయం హాజరైనవారి వరుస ఇది. అందరికన్న ముందు, దిబ్బ అడుగును తొలిచి తొలిచి పైభాగాన్ని నిలబడనీయకుండా చేసిన జేసీబీ, దాని పక్కన దాని డ్రైవరు. అతని వెనుక కాంట్రాక్టరు జయరాం, బూట్లకు బురద అంటకుండా ఒక రాతి మీద. జయరాం వెనుక, ఆయనకు గొడుగు పట్టిన సూపర్‌వైజరు. ఆ వెనుక, ఎవరూ ఏమీ అడగకముందే తల ఊపుతున్న సబ్‌ఇన్‌స్పెక్టరు. ఆయన పక్కన, మడత చెదరని కండువాతో కార్మిక నాయకుడు జేవియర్. వీరందరికీ ఎడంగా, పారలూ గంపలూ కింద పెట్టి, దిబ్బ మీద దినకూలికి మన్నెత్తే ఆడవాళ్ళు. అందరికీ చివర, పొయ్యి మీది కుండను అలాగే వదిలేసి, పిండి చేతులతో పరుగెత్తుకొచ్చిన ఫ్లోరా.

ఆ వరుసలో పోగొట్టుకున్నది ఏదైనా ఉంటే అది చివర వచ్చిన మనిషికే ఉంది. విరిగిపడిన దిబ్బ కింద ఉన్నవాడు ఆమె తమ్ముడు డెన్నిస్.

గనులు నడిచిన కాలంలో రాతిని పిండి చేసి, సైనైడుతో బంగారం తీసుకొని, మిగిలిన పొడిని తరాల తరబడి ఊరి నెత్తిన పోసిపోయారు. గనులు మూతపడ్డ చాలా ఏళ్ళకు ఆ పొడిలో కూడా ఇంకా ఏదో మిగిలిందని ఎవరికో తోచింది. దానిని టిప్పర్లతో తోలుకుపోయే కాంట్రాక్టు జయరాంకు దక్కింది. ఆ పనిలో హాజరు పట్టీ లేదు, పేరు పిలవడం లేదు. పొద్దున వచ్చినవాడు కూలివాడు, సాయంత్రం కనపడనివాడు అసలు రానివాడు.

జయరాం సరిగ్గా ఆ మాటే అన్నాడు. "డెన్నిసా? ఈ పొద్దు వాడు పనికే రాలేదు. బెంగుళూరు ట్రైనెక్కి పోయింటాడు, చూడండి."

ఆ ఊళ్ళో కనపడని ప్రతి మనిషీ బెంగుళూరు రైలు ఎక్కినట్టే లెక్క. గని మూసినప్పటి నుంచి సగం ఊరు తెల్లవారుజామున ఆ రైల్లో వేలాడుతూ పోయి రాత్రికి తిరిగొస్తున్నది గనుక అబద్ధానికి కూడా ఒక మర్యాద ఏర్పడింది.

ఫ్లోరా ఏడవలేదు. దిబ్బ పక్కన సీమజాలి కొమ్మకు వేలాడుతున్న టిఫిన్ క్యారియర్‌ను దించి, మూత తీసి, సబ్‌ఇన్‌స్పెక్టరు ముందు పెట్టింది. అందులో బియ్యప్పిండిని ఆవిరి మీద ఉడికించిన పుట్టు ఇంకా చల్లారలేదు.

"నేను కట్టిచ్చింది సార్ ఇది. ఇంగా వేడిగా ఉండాది. బెంగుళూరు పోయినోడు కూడు ఈడ తగిలించి పోతాడా?"

జయరాం నవ్వాడు. "ఊరంతా నీ కాడే గదమ్మా పుట్టు కొనేది. ఎవరిదో ఏమో."

సబ్‌ఇన్‌స్పెక్టరు ఈ తర్కానికి కూడా తల ఊపాడు. ఫ్లోరా ఆడవాళ్ళ వైపు తిరిగి శశికళను అడిగింది. బేతమంగళ వైపు పల్లె నుంచి వచ్చే ఆ పిల్ల రోజూ డెన్నిస్ పక్కనే పార పట్టేది. శశికళ తన కాళ్ళ వైపు చూసుకుంది. తాను చూడలేదని చెప్పింది. మధ్యాహ్నానికల్లా జేసీబీ ఆ చోటు వదిలేసి దిబ్బ అవతలి వైపుకు పోయి, మామూలుగా టిప్పర్లు నింపసాగింది.

ఆ సాయంత్రం, గని కార్మికుల ఇళ్ళ వరుసలైన లైన్ల మధ్యనున్న రీడింగ్ రూములో సభ జరిగింది. సభలు పెట్టడంలో ఆ ఊరికి సాటి వచ్చే ఊరు జిల్లాలో లేదు. చాపలు పరిచారు, మైకు తెచ్చారు, ప్రార్థన చేశారు. వక్తలు ఒకరి తరువాత ఒకరు లేచి, డెన్నిస్‌ను బయటికి తీసేదాకా టిప్పరు చక్రం తిరగనివ్వమన్నారు. చివరికి జేవియర్ లేచి, బైబిలు మీద చేయి పెట్టి, ఆ బిడ్డ శవం కళ్ళబడేదాకా రోడ్డు మీది నుంచి లేవననీ, అన్నం మెతుకు ముట్టననీ ఒట్టు వేశాడు. చప్పట్లు మోగాయి.

జేవియర్ ఒట్లకు ఆ ఊళ్ళో ఒక చరిత్ర ఉంది. గని మూసేస్తారన్న రోజున షాఫ్టు గేటు ముందు ప్రాణం విడుస్తానని ఒట్టు వేశాడు. ఆ ప్రాణం ఇప్పటికీ ఆయన దగ్గర భద్రంగానే ఉంది. లైన్లకు నీళ్ళు వచ్చేదాకా గడ్డం గీయనన్నాడు. నీళ్ళు రాలేదు, గడ్డమూ లేదు. అయినా తప్పు ఆయన ఒక్కడిదే అనడం అన్యాయం. చప్పట్లు కొట్టినవారిలో ఇదివరకు ఒట్టు వేసి తప్పనివాడు ఒక్కడైనా ఉంటే వాణ్ణి వేదిక మీద కూర్చోబెట్టి దండ వేయవలసింది. ఒట్టు వేయడంతోనే పని సగం అయిపోతుందనీ, మిగతా సగం ఎదుటివాడిదనీ వాళ్ళు మనసారా నమ్మేవారు.

ఫ్లోరా ఆ చప్పట్ల మధ్యనే లేచి వెళ్ళిపోయింది. అలిగిపోయిందనుకున్నారు. ఆమె నాలుక పదును ఎరిగినవాళ్ళు పోతే పోయిందిలే అనుకున్నారు. ఆమె తిన్నగా ఇంటికి పోయి, పెరట్లో కోళ్ళగూటికి తలుపుగా ఉన్న చెక్కను గడ్డపారతో పెరికింది. చెదిరిన కోళ్ళు లైన్లంతా అరుస్తూ తిరుగుతుండగా, ఆ చెక్కను నెత్తిన పెట్టుకొని సభకు తిరిగొచ్చింది.

పెద్దవాళ్ళు దానిని వెంటనే గుర్తుపట్టారు. అది ఫ్లోరా తండ్రి, గుమాస్తా మైఖేల్, గని షాఫ్టు నోటి దగ్గర నడిపిన బిళ్ళల పలక. గనిలోకి దిగే ప్రతి మనిషీ తన అంకె చెక్కిన ఇత్తడి బిళ్ళను దాని మేకుకు తగిలించి దిగేవాడు. పైకొచ్చి తన చేతితో తీసుకొని ఇంటికి పోయేవాడు. మేకుకు బిళ్ళ ఉన్నంతసేపు మనిషి భూమి లోపల ఉన్నట్టే. ఒక్క బిళ్ళ మిగిలినా షిఫ్టు ముగియదు. రెస్క్యూ జట్టు దిగవలసిందే. మైఖేల్ ఎన్నోసార్లు అలా మిగిలిన ఒక్క బిళ్ళ కోసం తిండీ నిద్రా లేకుండా కూర్చుండిపోయేవాడు.

ఫ్లోరా పలకను వేదికకు ఆనించి, మైకు వైపు కన్నెత్తి చూడకుండా మాట్లాడింది.

"మాటకు పన్ను కట్టేది లేదు గదా, ఎంతైనా చెప్తారు మీరు. మా నాయన కాడ రూలు ఏముండె? బిళ్ళ తగిలిస్తే మనిషి లోపలుండాడు. తీసుకుంటే పైకొచ్చినాడు. ఎవని బిళ్ళ వాడే తీసుకోవల్ల, వాని చేత్తోనే. పెండ్లాం గాని, తమ్ముడు గాని, దొర గాని ముట్టేకి లేదు. రోడ్డు మీద కూర్చునేటోళ్ళు తగిలించండి. లేచిపోయేటోళ్ళు అందరి ముందరా వచ్చి తీసుకోని పోండి. ఆఖరు బిళ్ళ దిగేదాకా నేను ఈ పలక వదిలేది లేదు. ఇంగ మీ ఇష్టం."

పైన మధ్యలో ఉన్న మేకును ఆమె ఖాళీగా ఉంచమంది. "అది డెన్నిస్‌ది. వానికి బిళ్ళ ఇచ్చినోడు లేడు. అందుకే వాడు దిగనే లేదంటా ఉండారు."

సభలో చప్పట్లు ఆగిపోయాయి. అది మంచి సూచన. మనుషులు ఇళ్ళకు పోయి, ఏసు పటం వెనుక నుంచీ, బీరువా అరల్లోంచీ, తాళాల గుత్తుల్లోంచీ తమవో తండ్రులవో బిళ్ళలు తెచ్చారు. రెస్క్యూ జట్టులో పనిచేసి రిటైరైన ముత్యాలప్ప తన బిళ్ళను పంచెకొంగుతో తుడిచి మరీ తగిలించాడు. దిబ్బ దుమ్ము తన రాగి చేను మీద పడుతున్నదని మొత్తుకుంటూ బేతమంగళ నుంచి వచ్చిన రైతు దొడ్డమునియప్ప దగ్గర బిళ్ళ లేదు. ఆయన ఎద్దు మెడలోని ఇత్తడి గంట విప్పి తెచ్చాడు. "మా బసవన్నది. వాడు నాకన్నా మాట మీద నిలబడేవాడు" అని తగిలించాడు. జేవియర్ అందరికన్నా ముందుకొచ్చి, తన తండ్రి బిళ్ళను తగిలించి, ఫొటో సరిగ్గా పడిందో లేదో చూసుకొని, రెండోసారి తగిలించాడు. శశికళ గుమ్మం దగ్గరే నిలబడి చూసి వెళ్ళిపోయింది.

మరునాడు పొద్దున టిప్పర్లు ఆగిపోయాయి. దిబ్బ దారికి అడ్డంగా మనుషులు కూర్చున్నారు. వారి ముందు, రాళ్ళకు ఆనించిన పలక. పలక పక్కన ఫ్లోరా. దొడ్డమునియప్ప పల్లె నుంచి రాగిముద్దలు తడిగుడ్డ కప్పిన బేసిన్లలో వచ్చాయి. చెప్పినది చెప్పినట్టు ఆ రెండు రోజులూ జరిగింది ఆ ముద్దలు రావడమొక్కటే అన్నా అతిశయోక్తి కాదు. పెద్దమనుషులు వచ్చారు, బిళ్ళల పక్కన నిలబడి ఫొటోలు దిగారు, పై అధికారులతో మాట్లాడతామన్నారు, వెళ్ళారు. వారు ఎవరితో ఏమి మాట్లాడారో ఇప్పటికీ తెలియదు.

జయరాం తొణకలేదు. ఆయనకు ఊరు తెలుసు. మందను తోలవలసిన పని లేదు, ముందు నడిచే గొర్రె చెవి పట్టుకుంటే చాలు. రెండో రోజు మధ్యాహ్నం జేవియర్ షుగరు మాత్ర వేసుకొని వస్తానని లేచాడు. పలక వైపు చూడలేదు. ఒక ఇత్తడి ముక్కకు అంత బలముంటుందని ఆ పెద్దమనిషికి తోచలేదు. గనిలో ఆయన గుమాస్తాగిరీ అంతా పైననే సాగింది. కిందికి దిగిన పాపాన పోలేదు.

పొద్దు వాలుతుండగా సూపర్‌వైజరు వచ్చి, మీ నాయకుడితో మాటలు పూర్తయ్యాయని ప్రకటించాడు. డెన్నిస్ కనపడడం లేదని బెంగుళూరులో ఫిర్యాదు ఇస్తారట. పోలీసులు అక్కడ వెతుకుతారట. ఇక దారి వదలాలట.

కాసేపు గొణుగుడు వినిపించింది. తరువాత ఒకడు చెప్పులు వెతుక్కున్నాడు. ఇంకొకడు నడుము పట్టుకొని లేచాడు. జేవియరే ఒప్పుకున్నప్పుడు మనమెంత అన్నాడు ఒకడు. ఆ మాట దొరకగానే అందరికీ ఇళ్ళు గుర్తొచ్చాయి. పలక వైపు చేతులు సాగాయి. ఫ్లోరా ఆపలేదు. ఎవరి బిళ్ళను వారు తీసుకోవడానికి రూలు ఒప్పుకుంటుంది. ఒక్కొక్కరి ముఖంలోకి మాత్రం చూసింది. ఆ చూపు తిట్టుకన్నా బరువుగా ఉండడంతో మొదటి చేయి మేకు దాకా వచ్చి ఆగింది.

సరిగ్గా అప్పుడు జేవియర్ అల్లుడు మోటారు సైకిలు మీద వచ్చాడు. మామ బిళ్ళ ఇమ్మన్నాడు.

"మీ మామను రమ్మను" అంది ఫ్లోరా.

"ఆయప్ప రాలేడక్కా. పని మీద ఉండాడు. నన్ను తెమ్మన్నాడు."

"యాడుండాడు?"

అల్లుడు దిక్కులు చూశాడు. కాంట్రాక్టరు బస చేసిన, గుట్ట మీది పాత దొరల బంగళా వైపు వాని కళ్ళు తమకు తామే పోయి వచ్చాయి.

"పైకొచ్చినాడా, రాలేదా?"

"రాలేదు గానీ..."

"అయితే లోపలుండాడు." ఫ్లోరా లేచిన జనం వైపు తిరిగింది. "అప్పల్లారా, మనిషి లోపలుండాడు. ఆయప్ప బిళ్ళ ఈడనే ఉండాది. లోపలున్న మనిషిని వదిలి షిఫ్టు ఎత్తేస్తారా? మీ నాయనలు ఎప్పుడన్నా ఎత్తేసినారా?"

ఎవరూ కదలలేదు. ఆ మనుషులకు చట్టం మీద నమ్మకం లేదు, నాయకుల మీద లేదు, ఒకరి మీద ఒకరికి అంతకన్నా లేదు. కానీ మేకుకు బిళ్ళ వేలాడుతుండగా ఇంటికి పోకూడదన్నది మాత్రం వారి ఎముకల్లో ఉంది. మొదటి చేయి మేకు దగ్గర నుంచి వెనక్కి పోయింది. చెప్పులు తొడుక్కున్న ముత్యాలప్ప వాటిని విడిచి, గొంతు సవరించుకొని, గనిలో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"రెస్క్యూ పోవల్ల. రీడింగ్ రూములోని పాత స్ట్రెచర్ తీయండి. టోపీలు పెట్టుకోండి."

జనమంతా గుట్ట వైపు నడిచారు. నినాదాలు లేవు, రెస్క్యూకు పోయేవాళ్ళు అరవరు. ఫ్లోరా కదలలేదు. పలక వదలనన్నది గనుక వదలలేదు. బంగళాలో జరిగినది తరువాత ఆమెకు పదిమంది పది విధాలుగా చెప్పారు; అన్నిటిలో కలిసిన సంగతులు ఇవి. జేవియర్ బల్ల ముందు ఉన్నాడు. అన్నం ముట్టనన్న మనిషి ముందు మటన్ బిర్యానీ ఉంది. అల్లుడికి టిప్పర్ల సబ్‌కాంట్రాక్టు మాట అప్పుడే ముగిసింది. ముత్యాలప్ప లోపలికి పోయి, జయరాంను కిటికీని చూసినట్టు చూసి, జేవియర్ నాడి పట్టుకున్నాడు.

"దెబ్బలేమైనా తగిలినాయా అప్పా? ఊపిరాడతా ఉండాదా? భయపడొద్దు, మేం వచ్చినాం గదా."

జేవియర్ ఏదో చెప్పబోయాడు. కింద చిక్కుకున్నవాడు మాట్లాడకూడదని ఆయన నోటికి తడిగుడ్డ అద్దారు. దుప్పటి చుట్టారు. ఎంగిలి చేతితో సహా స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, పట్టీలు బిగించి, లైన్లన్నిటి మధ్య నుంచి, అడిగినవారికల్లా మనిషి దొరికాడని చెప్పుకుంటూ మోసుకొచ్చారు. గుమ్మాల్లోకి వచ్చి చూసినవాళ్ళకు ముందు నవ్వు వచ్చింది. తరువాత సిగ్గు వచ్చింది. ఇంటికి తాళాలు వేసి వెంట నడిచారు.

ఇక్కడ దిబ్బ దారి ఖాళీ అయిందని తెలిసిన వెంటనే టిప్పర్లు ఇంజన్లు అందుకున్నాయి. సబ్‌ఇన్‌స్పెక్టరు జీపు దిగాడు.

"లేచి పోమ్మా. అందరూ వెళ్ళిపోయినారు."

"యాడ పోయినారు సార్? అందరూ లోపలే ఉండారు" అని ఫ్లోరా పలక చూపించింది.

ఆయనకు తల ఊపడం తప్ప మరొకటి చేయవలసిన సందర్భం ఉద్యోగంలో అదే మొదటిదేమో. కానిస్టేబుళ్ళను పిలిచాడు. ఆడ కానిస్టేబుళ్ళిద్దరు ఫ్లోరాను లేపబోతే ఆమె పలకను కౌగిలించుకుంది. మేకులు చేతుల్లో దిగాయి. పలకతోనే ఆమెను జీపులో వేశారు. మొదటి టిప్పరు ముందుకు కదిలింది.

కదిలి ఆగింది. ఫ్లోరా లేచిన చోట శశికళ కూర్చుని ఉంది. ఆమె వెనుక, నిన్నటిదాకా ఏమీ చూడని ఆడవాళ్ళంతా పారలతో సహా కూర్చున్నారు.

"నువ్వెవరివే?" అన్నాడు సబ్‌ఇన్‌స్పెక్టరు.

"డెన్నిసన్న పక్కన పని చేసేదాన్ని సార్. మొన్న అడిగితే చూడలేదని చెప్పినా. చూసినా. దిబ్బ ఇరగతానే ఆయన నన్ను అవతలకి తోసినాడు. కూలి పోతాదని చెప్పలేదు." జీపు వైపు తలెత్తింది. "అక్కా, నా కాడ బిళ్ళ లేదు."

"కూర్చున్నావు గదా. అదే బిళ్ళ" అంది ఫ్లోరా లోపలి నుంచి.

జీపు రోడ్డు ఎక్కేసరికి స్ట్రెచర్ ఎదురొచ్చింది. ఫ్లోరా చేతుల నెత్తురు, ఆమె ఒళ్ళోని పలక చూసి, జనమంతా స్ట్రెచర్‌తో సహా వెనుదిరిగి స్టేషను దాకా జీపు వెంట నడిచారు. స్టేషను వరండాలో జేవియర్ కట్లు విప్పారు. ఫ్లోరా పలకను ఆయన ముందుకు వంచింది.

"తీసుకో జేవియరన్నా, నీ చేత్తోనే. పైకొచ్చినావు. ఇంటికి పో."

ఆయన తీసుకున్నాడు. బిర్యానీ నెయ్యి అంటిన వేళ్ళలో బిళ్ళ జారి రెండుసార్లు కింద పడింది. ఎవరూ తిట్టలేదు, ఎవరూ దారికి అడ్డం నిలవలేదు. ఆయన జనం మధ్య నుంచి నడిచిపోతుంటే, గోడ మీద నీడ పోతున్నట్టు చూశారు. ఆ తరువాత ఆయన ఏ సభలోనూ ఒట్టు వేయలేదు. వేసినా వినే చెవి లేదు.

పలక అక్కడే వదిలి ఇంటికి పొమ్మని సబ్‌ఇన్‌స్పెక్టరు ఫ్లోరాకు చెప్పాడు. ఆమె పైమేకు వైపు చూపించి లాకప్పులోకి తానే నడిచింది. ముత్యాలప్ప ఊచల దగ్గరికి వచ్చాడు.

"మా బిళ్ళలు నీ కాడే ఉండనీ అమ్మా. మేం దిగతా ఉండాం."

ఎవరి ఉత్తర్వూ అడగలేదు. గనిలో కూలిన కప్పుల కింద నుంచి మనుషులను తీసిన ముసలివాళ్ళు ఎక్కడ తవ్వాలో చూపించారు. బేతమంగళ రైతులు, లైన్ల మనుషులు, కూలి ఆడవాళ్ళు తవ్వారు. జయరాం ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. జేసీబీ డ్రైవరు తాళంచెవి జేబులో వేసుకొని, పార అందుకున్నాడు. తెల్లవారాక డెన్నిస్ దొరికాడు. బెంగుళూరు పోయాడన్న మనిషి చేతిలో దిబ్బ మీది పార పిడి ఉంది.

అతణ్ణి అదే స్ట్రెచర్ మీద స్టేషనుకు తెచ్చారు. ఫ్లోరాను వరండాలోకి రానీయక తప్పలేదు. ఆమె మెడలో దారానికున్న తండ్రి బిళ్ళను విప్పింది. తమ్ముడి చేతిని మట్టి తుడిచి, ఆ చేతితోనే బిళ్ళను పైమేకుకు తగిలించింది. కాసేపు అలాగే ఉంచింది. తరువాత అదే చేతితో తీయించి, ఆ పిడికిలి మూసింది.

"పైకొచ్చినాడు" అంది. అప్పుడు ఏడ్చింది.

జనం ఒక్కొక్కరుగా తమ బిళ్ళలు తీసుకున్నారు. దొడ్డమునియప్ప గంట తీసుకుంటుంటే అది మోగింది. తీసుకున్నవారు ఇళ్ళకు పోలేదు. డెన్నిస్‌ను సమాధి చేసి, అక్కడి నుంచి తిన్నగా దిబ్బ దగ్గరికి పోయి, దారి మొదట్లో కొత్త చెక్క ఒకటి పాతారు. కూలికి వచ్చేవారు బిళ్ళ తగిలించనిదే, ఆ బిళ్ళలకు జయరాం బాధ్యుడు కానిదే, ఎవరూ పార పట్టబోరని శశికళ సూపర్‌వైజరుకు చెప్పింది. ఆయన చెక్కను పీకించాడు. మరునాటికి మళ్ళీ ఉంది. మళ్ళీ పీకించాడు. మళ్ళీ ఉంది. ప్రభుత్వ విధులకు ఆటంకం కలిగించిందని ఫ్లోరా మీద పెట్టిన కేసు ఇంకా నడుస్తున్నది. వాయిదా ఉన్న రోజున దిబ్బ మీద పని ఉండదు. కోర్టు ఆవరణ నిండుతుంది.

ఒట్లు వేసినవారి పేర్లు రాయాలంటే కాగితం చాలదు గనుక వాటిని వదిలివేయడమైనది. షాఫ్టు బిళ్ళల గుమాస్తా మైఖేల్ కూతురు, పుట్టు వండి అమ్ముకొని జీవించే ఫ్లోరా, ఆఖరు బిళ్ళ దిగేదాకా పలక వదలనని రీడింగ్ రూములో పదిమంది ఎదుట అన్నది. ఆఖరున పైకొచ్చినవాడు ఆమె తమ్ముడు. మేకులన్నీ ఖాళీ అయ్యేదాకా ఆమె పలక వదలలేదు. ఈ సంగతిని ఇక్కడ సగౌరవంగా నమోదు చేయడమైనది.